నవ్వితేనే తెరుచుకునే తలుపు

ఈ కొత్త జ్వరం ఊళ్లమీద పడ్డాక ప్రతి ఆసుపత్రి వార్డుకీ మాట్లాడే తలుపు వచ్చింది. డాక్టర్లకు తాజా సమాచారం చెప్పడం, మనోధైర్యం నింపడం దాని ఉద్యోగం. చెప్పిందంతా విని మనస్ఫూర్తిగా నవ్వితేనే తెరుచుకుంటుంది. దిగులు మొహంతో డాక్టరు రోగిని ముట్టుకోకూడదని పైవాళ్లు తేల్చారు. ఆ పైవాళ్లలో ఒక్కరూ ఈమధ్య రోగిని చూసిన పాపాన పోలేదు.

తలుపు అద్దం అవతల, వార్డు లోపలి నుంచి సిస్టర్ ఎస్తేరు చెయ్యి ఊపుతోంది. "మేడమ్, ఆ ఆటో నడిపే ఆయనకి ఊపిరి అందట్లేదు. తొందరగా రండి."

"నమస్కారం డాక్టర్ హైమవతి గారూ," అంది తలుపు, పెళ్లిపందిట్లో పన్నీరు చల్లుతున్నంత తియ్యగా. "పొద్దున వద్దన్న ఇంజెక్షన్ ఇప్పుడు ఇవ్వవచ్చు. చేతులు కడుక్కోండి. మీరు మాకు దేవత."

"గ్లవ్స్ ఎప్పుడొస్తాయి?"

"మీ త్యాగం వృథా పోదు. ఏదీ, ఒకసారి నవ్వండి."

హైమవతి పళ్లికిలించింది.

"ఇందులో మనసు లేదండీ. మళ్లీ మొదటినుంచి వినిపిస్తాను."

ఆమెకు ఒళ్లు మండింది. ఈ తలుపుకి రిబ్బను కత్తిరించి, శాలువా కప్పించుకుని, ఫొటో దిగి వెళ్లిపోయిన పెద్ద అధికారి గుర్తొచ్చాడు. వార్డులోకి తొంగి కూడా చూడలేదు మహానుభావుడు. లోపల మంచం మీద ఆయనే రొప్పుతున్నట్టు, బయట తను నిలబడి ఈ సూచనలన్నీ తీరిగ్గా, మర్యాదగా వింటున్నట్టు ఊహించుకుంది.

పెదాలు వాటంతటవే విచ్చుకున్నాయి.

"ఇదీ నవ్వంటే," అంటూ తలుపు తెరుచుకుంది. హైమవతి మంచం దగ్గరికి పరుగెత్తింది. వెనక తలుపు ఇంకా చెబుతూనే ఉంది. "మా ప్రోత్సాహం ఇంత బాగా పనిచేసింది కాబట్టి, మీ నవ్వుని ఫొటో తీసి, రిబ్బను కత్తిరించిన సారుగారికే పంపిస్తున్నాం."