నొక్కుల జుట్టు

కువైట్ నుంచి వచ్చిన పెట్టెను అరుగు మీద దించారు. దాన్ని తెరవొద్దని, వెంట వచ్చినాయన మరీమరీ చెప్పాడు.

ఉప్పలగుప్తంలో ఎవరు పోయినా శోకం ఎత్తుకోవడానికి చిట్టెమ్మనే పిలిచేవారు. పోయినవారిని తల నుంచి పాదాల దాకా వర్ణిస్తూ ఆమె ఏడిస్తే, ఆ మనిషి లేచొచ్చి ఎదురుగా కూర్చున్నట్టుండేది. ఇవాళ పోయింది ఆమె చంకనెత్తుకుని పెంచిన తమ్ముడు గంగరాజు. వాకిలంతా ఆమె నోటికేసి చూస్తోంది.

చిట్టెమ్మ పెట్టె మీద చెయ్యి వేసింది.

"నొక్కుల జుట్టు తమ్ముడా... నూనెంత రాసినా దువ్వెన దిగని జుట్టు తమ్ముడా..."

గంగరాజు భార్య మాధురి ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఆ జుట్టు లేదండి వదినా."

శోకం ఆగిపోయింది.

"అక్కడి నీళ్ళకి మొత్తం ఊడిపోయిందండి. మీతో వీడియోలో మాట్లాడేటప్పుడు టోపీ పెట్టుకునేవోరు. అక్క చూస్తే బెంగెట్టుకుంటాదనేవోరు."

"మొన్న ఆదివారం కూడానా?"

"ఆయ్, మొన్న కూడానండి."

"ఇంట్లో టోపీ ఏంట్రా అంటే నవ్వేసేడే!"

ఊళ్ళో అందరి చావుకీ మాటలు దొరికిన చిట్టెమ్మకు, తమ్ముడి తల ఎలా ఉంటుందో తెలియలేదు. పెట్టె తలవైపుకు జరిగి, చెక్కను అరచేత్తో మెల్లగా నిమిరింది. ఈసారి రాగం తియ్యలేదు.

"టోపీ తియ్యరా తమ్ముడా," అంది. "అక్కనే కదరా."