ఒక్‌బున్ అక్క మందు

ఒక్‌బున్ అక్క వేడినీళ్ళ తొట్టెలో మెడదాకా మునిగి కళ్ళు మూసుకుందంటే పావుగంటదాకా లేవదు. పిల్రే చేయబోయే దొంగతనానికి ఐదు నిమిషాలు చాలు.

తువ్వాలు మరిచిపోయానని చెప్పి, పిల్రే తడికాళ్ళతోనే బట్టలు మార్చుకునే గదిలోకి వచ్చింది. ఈ స్నానశాలలో ఇద్దరూ ఎప్పుడూ ఒకే లాకరు తీసుకుంటారు. తాళంచెవి పిల్రే దగ్గరే ఉంటుంది. ఒక్‌బున్ చేతికిస్తే అది ఏ నీళ్ళ పాలో అవుతుంది. లాకర్లో రెండు సంచులు, సంచికొక మందు సీసా. పొద్దున ఆసుపత్రిలో ఇచ్చినవే.

ఇద్దరిదీ ఒకటే జబ్బు, చేతుల వణుకు. బుసాన్ పెద్దాసుపత్రిలో దానికో కొత్త మందు పరీక్షిస్తున్నారని తెలిసి, పిల్రేను చెయ్యిపట్టుకు లాక్కెళ్ళి పేరు రాయించింది ఒక్‌బునే. మూడు నెలల పరీక్ష. సగంమందికి అసలు మందు, సగంమందికి ఉత్త పిండి. మాత్రలు మాత్రం చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఎవరికేది పడిందో ఇచ్చే నర్సుకీ తెలియదు, చూసే డాక్టరుకీ తెలియదు. అంతా అయ్యాకే చెబుతారట.

డాక్టరుకి తెలియకపోతే పోయె, పిల్రేకు తెలిసిపోయింది. నెలకోసారి హా అనే నర్సు కాగితం ఇచ్చి, నత్తగుల్లలా చుట్టలు చుట్టలుగా గీత గీయమంటుంది. మొదటి నెల తిరిగేసరికి ఒక్‌బున్ గీసింది చక్కగా గుండ్రంగా వచ్చింది. పిల్రేది కోడి కెలికిన నూడుల్స్‌లా ఉంది. ఇంకా అనుమానం దేనికి?

పిల్రే చెడ్డమనిషేం కాదు. సంతలో ముప్ఫై ఏళ్ళుగా పండగలకి వేసుకునే హన్‌బోక్‌లు కుడుతోంది. ఆ వీధిలో సగంమంది పిల్లలు మొదటి పుట్టినరోజుకి తొడుక్కున్నవి ఆమె కుట్టినవే. తీరా సొంత మనవరాలి మొదటి పుట్టినరోజు దగ్గరపడేసరికి సూదిలోకి దారం ఎక్కడం లేదు. అద్దెకు తెచ్చుకుందాం అత్తయ్యా, ఇప్పుడందరూ అదే చేస్తున్నారు అంది కోడలు. ఆ మాటకి పిల్రే ఆ పూట అన్నం ముట్టలేదు.

ఒక్‌బున్ అక్కకేం, చేపముద్దల కొట్టు. గరిటెడు పులుసులో నాలుగు చుక్కలు ఒలికితే ఒలికాయి, కొంపలు మునగవు. ఇలా తనకు తాను నచ్చజెప్పుకుంటూ పిల్రే రెండు తువ్వాళ్ళు పరిచి, రెండు సీసాలూ వాటి మీద గుమ్మరించింది. పాడు చేతులు, ఈ పనికీ వణికాయి. ఒక మాత్ర దొర్లి బల్ల కిందికి పోయింది. మోకాళ్ళ మీద పాకి దాన్ని వెతుకుతుంటే, ఒళ్ళు రుద్దే ఆవిడ వచ్చి ఏం పోయిందని అడిగింది. చెవిదుద్దు అంది పిల్రే. ఆవిడ అటు వెళ్ళగానే తన మాత్రలు ఒక్‌బున్ సీసాలో, ఒక్‌బున్ మాత్రలు తన సీసాలో పోసి మూతలు బిగించింది.

తిరిగొచ్చేసరికి ఒక్‌బున్ పీట మీద కూర్చుని ఎదురుచూస్తోంది.

"ఎంతసేపే తల్లీ, తువ్వాలు నేసి తెచ్చావా? ఇలా తిరుగు, వీపు రుద్దుతా. నువ్వు రుద్దితే సగం మురికి అక్కడే ఉంటుంది."

తన వీపు మీద ఆ చెయ్యి ఆడుతుంటే పిల్రేకు కళ్ళు మండాయి. సబ్బు పడిందని చెప్పింది.

మరుసటి నెలా ఆసుపత్రి నుంచి నేరుగా స్నానశాలకే వచ్చారు. మళ్ళీ పిల్రే తువ్వాలు మరిచిపోయింది, మళ్ళీ మాత్రలు మారాయి.

చెయ్యి మాత్రం కుదుటపడలేదు. మందు తన కడుపులోకి పోతుంటే కుదురు ఒక్‌బున్ చేతికి వస్తోంది. ఇదెక్కడి విడ్డూరమో పిల్రేకు అంతుబట్టలేదు. దొంగసొమ్ము ఒంటబట్టదంటారు, అందుకేనేమో అనుకుంది. మనవరాలి పుట్టినరోజుకి అద్దె హన్‌బోకే వచ్చింది. భుజాలు వదులు, అంచు కుట్టు వంకర. ఆ కుట్టు చూసి పిల్రే వంటింట్లోకి పోయి ఏడ్చింది. బియ్యపు కేకులు పట్టుకొచ్చిన ఒక్‌బున్ కూడా దాన్ని చూసి ఎందుకో కళ్ళొత్తుకుంది.

పరీక్ష ముగిశాక నర్సు హా ఇద్దర్నీ పిలిచి కవర్లు విప్పింది. పిల్రే గారి సీసాల్లో పిండి, ఒక్‌బున్ గారి సీసాల్లో అసలు మందు అని చదివింది. మందు బాగా పనిచేస్తోందని డాక్టరు గారు సంతోషంగా ఉన్నారట.

పిల్రే తన చేతుల వైపు చూసుకుంది. అంత బాగా పనిచేసే మందు రెండు నెలలు మింగిన తనకెందుకు పనిచేయలేదు? అడుగుదామంటే తేలుకుట్టిన దొంగ పరిస్థితి. పక్కకి చూస్తే ఒక్‌బున్ మొహమూ పాలిపోయి ఉంది.

వరండా బెంచీ మీద కూర్చున్నాక ఒక్‌బున్ ఆమె వణికే చేతిని తన రెండు చేతుల్లోకీ తీసుకుంది.

"తిట్టనంటే ఒకటి చెబుతానే."

"చెప్పక్కా."

"నాది అసలు మందని మొదటి నెలలోనే తెలిసిపోయింది నాకు. పాప హన్‌బోక్ నీ చేత్తోనే కుట్టాలని, రెండు సార్లూ స్నానశాలకి వస్తూ బస్సులో నువ్వు కునుకు తీస్తుంటే, నా మాత్రలు నీ సీసాలో పోసి నీవి నేను తీసుకున్నా. మందంతా నీకే ఇచ్చాను కదే, మరి నీ చెయ్యి ఎందుకు ఆగలేదు?"