చీటీలో వచ్చిన జోల

"ఈ చీటీ మార్చు తల్లీ. మా పిల్ల ఈ పాట పాడదు."

అమ్మమ్మ కాగితాన్ని బల్లమీద పెట్టింది. శిశుతరగతి పంతులమ్మ రంగుకాగితాలు కత్తిరిస్తూ తలెత్తింది. శనివారం బడిలో 'అందరి పాటలు' కార్యక్రమం. ఒక్కో జాతివాళ్ళ పాట ఒక్కో బిడ్డ నేర్చుకోవాలి. చిట్టి తీసిన చీటీలో ఏటి అవతలివాళ్ళ జోలపాట వచ్చింది.

"ఆ పాట చేసిన పాపమేంటి, పెద్దమ్మా?"

"వాళ్ళ మాట మా ఇంట్లో వినబడటానికి వీల్లేదు."

"వాళ్ళూ మనుషులేగా."

"ఆ గొడవలప్పటికి నువ్వు పుట్టలేదు. ఎన్ని ఇళ్ళు తగలబడ్డాయో కళ్ళారా చూసినదాన్ని."

పంతులమ్మ కత్తెర కింద పెట్టింది. "అందుకే నేర్పుతున్నాను. ఇప్పుడు ఊళ్ళో వాళ్ళు ఒక్కరూ లేరు. కనీసం వాళ్ళ పాటైనా పిల్లల చెవిన పడాలి. మీ కాలపు విషం ఈ పసిదాని నోట్లో పొయ్యకండి."

అమ్మమ్మ కాగితం తీసుకుని తల దించుకుంది. తల్లీ తండ్రీ లేని పిల్ల చిట్టి. నలుగురి నోళ్ళలో పడితే దాని గతేంటన్నదే ఆమె బెంగ.

ఇంట్లో చిట్టి పాట ఎత్తుకుంటే చాలు, అమ్మమ్మ కిటికీ తలుపులు బిగించేది.

"చెడ్డ పాటా, అమ్మమ్మా?"

"నోరు ముయ్యి. పక్కవాళ్ళు వింటారు."

"పంతులమ్మ మంచిదంది మరి."

"ఆవిడదేం పోయింది. ఈ వీధిలో బతకాల్సింది మనం."

శుక్రవారం పాట రాసిన ఆ కాగితాన్ని అమ్మమ్మ పొయ్యిలో పడేసింది. అప్పటికే సగం పాట పిల్లకు నోటికొచ్చేసింది.

శనివారం హాలు కిటకిటలాడింది. చిట్టి రెండు వరుసలు పాడి ఆగిపోయింది. పంతులమ్మ పక్కనుంచి అందించబోయి, ఆ మాటలకు నోరు తిరగక తానే తడబడింది.

ముందు వరుసలో వడ్రంగి ఇకిలించాడు. "మర్చిపోతేనే మంచిది. ఆ పీడ విరగడై నలభై ఏళ్ళయింది."

చుట్టూ గొల్లున నవ్వారు. చిట్టి పెదవి వణికింది. "అమ్మమ్మా" అంటూ ఏడుపు అందుకుంది.

అమ్మమ్మ లేచింది. జనం కాళ్ళు ముడుచుకుని దారిచ్చారు.

"తీసుకుపో పెద్దమ్మా, పాపం పసిది. దానికెందుకీ దరిద్రం" అన్నాడు వడ్రంగి.

ఆమె వేదిక మెట్లెక్కి చిట్టిని చంకనెత్తుకుంది. పైటకొంగుతో దాని ముక్కు తుడిచింది. జనంవైపు తిరిగి వడ్రంగిని, కిరాణాకొట్టువాణ్ణి, తాముండే ఇంటి యజమానిని ఒక్కొక్కరినే చూసింది.

మిగతా జోలను తన తల్లి తనకు పాడినట్టే పాడింది.