గడ్డివాము చుట్టూ పరుగు

ఒక పెరట్లో నల్లోడనే కుక్క, దూది అనే పిల్లి ఉండేవాళ్లు. రోజూ సాయంత్రం పాలు పితికే వేళకి దూది పాలచెంబు దగ్గరికి చేరేది. నల్లోడు తరిమేవాడు. గడ్డివాము చుట్టూ ఒక చుట్టు తిరిగి దూది గోడెక్కేసేది. "జన్మలో నీకు నా తోక అందదురా" అని పైనుంచి వెక్కిరించేది.

నల్లోడు ముసలివాడైపోయాడు. ఒకరోజు ఇంటావిడ గోనెపట్టా పరిచి, పెరుగన్నం ముద్ద నోటికి అందించినా తినలేదు. "ఇక నా పని అయిపోయినట్టేనే" అన్నాడు దూదితో.

పోయేముందు వీడికి ఒక్కసారైనా గెలుపు చూపించాలనుకుంది దూది. "పాలు తాగడానికి వెళ్తున్నా. చూస్తూ ఊరుకుంటావా?" అంది.

నల్లోడు మూలుగుతూ లేచాడు. దూది కావాలనే కుంటుతూ పరిగెత్తింది. వాము మలుపులో నల్లోడి ముక్కు దాని తోకకి తగిలింది. అక్కడే ఆగిపోయాడు.

"దొరికాను కదరా, పట్టుకోవేం?"

"ఎన్నిసార్లు దొరకలేదు నువ్వు?" అన్నాడు నల్లోడు రొప్పుతూ. "పట్టేసుకుంటే మర్నాడు రావని వదిలేసేవాణ్ణి."

దూది మూతి ముడుచుకుంది. కాసేపటికి ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు.

తెల్లారేసరికి నల్లోడు నిద్రలోనే వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం దూది పాలచెంబు దగ్గరికి వెళ్లింది. ఎవరూ అరవలేదు. పాలు ముట్టకుండా వాము చుట్టూ పరుగందుకుంది.

"ఎవరు తరుముతున్నారే నిన్ను?" అంది కోడిపెట్ట.

"ఇంకెవరు, వాడే" అంది దూది, గోడెక్కి వెనక్కి చూస్తూ. "ఇవాళ కాస్త వెనకపడ్డాడు."