వేలెడు సందు

పత్తికట్టె మోపుల కింద పదకొండు నెలలు దాచిన చెక్కలను నర్మద ఆటోలో వేసుకుని వడ్రంగి వడ్ల కొమురెల్లి కొట్టం ముందు దించింది.

కొమురెల్లి ఒక చెక్కను తిరగేశాడు. మీద నల్లటి అక్షరాలు, కొన్ని ఇంగ్లిషు, కొన్ని అరబ్బీ. మేకు రంధ్రం మీద బొటనవేలు పెట్టాడు.

“గీ మేకులు పీకింది నేనే,” అన్నాడు.

సౌదీలోని దమ్మాం నుంచి ఆమె భర్త సాయిచంద్ శవమై వచ్చిన పెట్టె అది. బయట చెక్కపెట్టె, లోపల రేకు పెట్టె. రేకు పెట్టె తెరవొద్దని వెంట వచ్చిన కాగితంలో ఉంది. పెద్దమనుషులు తెరవనివ్వలేదు. అలాగే పాతిపెట్టారు. చెక్కలు కాల్చెయ్యమన్నారు.

నర్మద కాల్చలేదు.

“ఏం చేపిస్తవు బిడ్డా?”

“చిన్న అల్మారా, మామా. ఒక్క తలుపుది.”

“సావుకట్టెకు నా ఉలి పెట్ట.”

ఆమె చెక్కలు ఎత్తబోయింది.

“ఆగు. ఉలి పెట్టనన్న. చెప్పనన్ననా? నేను చెప్త, నువ్వు చెయ్యి.”

మూలనున్న పాత ఉలిని కాలితో ఆమె వైపు తోశాడు.

“గిది ఇగ నీదే. మళ్ల నా సామాన్లల్ల కలపకు.”

మొదటి పాఠం కొయ్యడం. పెన్సిల్ గీత మీద రంపం పెట్టి నర్మద రెండు రోజులు కొయ్యలేక కూర్చుంది. గట్టి చెక్క కాదు. చెక్క నిడివి సాయిచంద్ నిడివి.

మూడో రోజు కళ్లు మూసుకుని కోసింది.

“పాములెక్క పోయింది గదనే,” అన్నాడు కొమురెల్లి. “సరే తియ్, వంకర లోపటికి పెడుదం.”

తర్వాత అతుకు.

“ఒక కర్రకు నాలుక చెయ్యాలె. ఇంకో కర్రకు నోరు తియ్యాలె. నాలుక నోట్ల బిగువుగ కూసోవాలె. మేకుతోని పనే లేదు.”

ఆమె తీసిన మొదటి నోరు పెద్దదైపోయింది.

“గీ నోట్ల బర్రె తలకాయ వడుతది!”

నర్మద నవ్వింది. నవ్వాక, ఎవరైనా విన్నారేమోనని వాకిలి వైపు చూసింది.

నాలుక పక్కన సన్నటి చెక్క చీలిక కొట్టి బిగించడం ఆ రోజే నేర్చుకుంది.

“చెక్కకు మంచి మొఖం ఏదో సూసి బయటికి పెట్టు. గా రాతలు రందా పట్టి గీకి తీసెయ్.”

“వద్దు మామా. లోపటికి పెడుత.”

అతను రందాను పక్కన పెట్టేశాడు.

ఇంట్లో దీపాల వేళ అత్త బాలవ్వ ఫోన్‌కు ఛార్జింగ్ పెడుతుంది. కొడుకు దమ్మాం నుంచి ఫోన్ చేస్తుండిన వేళ అది.

“మొఖం సూడలే గదా నర్మదా. గా పెట్టెల ఉన్నది వేరేటోడైతే?”

పదకొండు నెలలుగా రోజూ ఇదే మాట. ఆ ప్రశ్న అత్తది మాత్రమే అయి ఉంటే నర్మద ఏదో ఒక జవాబు చెప్పేది.

తలుపు బిగించిన రోజు కొమురెల్లి దాన్ని వేలితో నెట్టి చూశాడు. చిన్న చప్పుడుతో పడింది.

“సందు లేకుంట కూసున్నది. నా చేతికింద నేర్సుకున్నోళ్లల్ల ఇంత సాఫ్‌గ చేసినోడు లేడు పో.” “ఇంట్ల పెడతవా?”

“అరుగు మీద.”

“పెద్దమనుషులు అడిగితే?”

“నేనే చేసిన్నని చెప్త.”

బాలవ్వ అల్మారా చుట్టూ తిరిగింది. అతుకులు తడిమింది. తలుపు తెరిచింది.

“లోపట ఏం రాసిండ్రే?”

“పేరు, అత్తా.”

“ఎవల్ది?”

నర్మద ఆమె వేలు పట్టుకుని అక్షరాల మీద మెల్లగా నడిపించింది.

“సాయిచంద్.”

వేలు చివరి అక్షరం దగ్గర ఆగింది.

“ఆ దినం తెరవనియ్యకపోతిరి,” అంది బాలవ్వ.

తలుపు మూసింది. తెరిచి లోపలికి చూసింది. మూసింది. మళ్లీ తెరిచింది.

దీపాల వేళ ఎప్పటిలాగే ఫోన్‌కు ఛార్జింగ్ పెట్టింది. నిండాక తీసి, కొంగుతో తుడిచి, అల్మారా పై అరలో పెట్టింది. తలుపు దగ్గరికి వేసి ఇంట్లోకి వెళ్లి పడుకుంది.

నర్మద అరుగు మీదికి వచ్చి చూసింది. తలుపుకు వేలెడు సందు ఉంది.

తన పనిలోనే లోపమేమో అనుకుని నెట్టింది. చిన్న చప్పుడుతో పూర్తిగా పడింది.

లోపల ఫోన్ మోగినా బయటికి వినపడనంత బిగువుగా.

తర్వాత తలుపును వేలెడంత తెరిచి, ఇంట్లోకి వెళ్లింది.