రెండో గాబు

"రెండు గాబుల్లోనూ చేపలు బతికాయంటే నీ మందులో మహిమేం లేనట్టేనమ్మా!" అన్నాడు ఫిషరీస్ ఆఫీసరు బాలశౌరి.

ధనలక్ష్మి మొహం వాడిపోయింది. జబ్బు చెరువులోంచి తీసి రెండు సిమెంటు గాబుల్లో వేసిన బొచ్చె చేపపిల్లల ఒంటిమీద ఎర్రపుండ్లు మానాయని పొద్దున్నే కేకలు పెట్టి వాడవాడనూ పిలిచింది తనే. నరసరావుపేట నుంచి ఆఫీసరును రప్పించిందీ తనే.

"మానినయ్ గదయ్యా! ఆ తోకలు చూడండి, ఎట్టా తళతళలాడతన్నయ్యో!"

"చూశానమ్మా. మందు పోసిన గాబులోనూ మానాయి, పోయని గాబులోనూ మానాయి. అంటే మంచినీళ్ళలోకి మార్చినందుకే మానాయి. చెరువు నీళ్ళన్నీ మార్చలేం గదా? ఇది వైరస్సు రోగం. పక్క చెరువులకు అంటుకోకముందే రేపు బ్లీచింగు కొట్టి, చేపలన్నీ పూడ్చెయ్యండి."

"ఏమే, పసుపనీ వేపాకనీ తులసనీ దంచి దంచి రోలు అరగ్గొట్టావే! ఇప్పుడేంది, చెరువంతా గోతిలోకేనా?" అన్నాడు ఆమె మొగుడు యల్లమంద.

ధనలక్ష్మికి తన్నుకొచ్చే ఏడుపు కన్నా ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది. రోజూ తలస్నానం చేసి, పసరు పిండి, ముందుగా ఒక చెంబెడు దేవుడి గూట్లో పెట్టి దణ్ణం పెట్టుకున్నాకే మొదటి గాబులో పోసేది. స్వామి ఆలకించాడనే అనుకుంది. ఆలకించినవాడు రెండో గాబును కూడా బతికించి తన నోరెందుకు కొట్టాడు?

ఉన్నట్టుండి అరుగు మీది అత్త పోలమ్మ వైపు తిరిగింది.

"అత్తా, నిజం చెప్పు. జాలిపడి రెండోదాంట్లో నా మందు పోశావు కదూ?"

"కోటప్పకొండ సామి మీద ఒట్టు! నీ మందు బిందెను నేను ముట్టుకుంటే ఒట్టు!"

జనం నీరుగారిపోయారు. ఆ సామి మీద పోలమ్మ దొంగ ఒట్టు పెట్టే మనిషి కాదు. బాలశౌరి సంచీ భుజాన వేసుకుని మోపెడ్డు దగ్గరికి నడిచాడు.

"అయినా ఇదేం పరీచ్చ?" ముసలమ్మ గొణుక్కుంది. "ఒకదానికి మందేసి, రెండోదాన్ని చావమని వదిలేస్తారా? నోరులేని జీవాలు! నా ప్రాణం ఒప్పక, మందు ఎట్టాగూ వద్దన్నారని రోజూ కాసిని తీర్థం పోశా."

బాలశౌరి ఆగి నవ్వాడు.

"తీర్థానికి వైరస్సు పోతుందా అవ్వా? ఏ గుడి తీర్థమేంటి?"

"గుడిదాకా నడిచే ఓపిక నాకేదయ్యా? తులసి వాసన గుమ్మని కొడతది... మా కోడలు తెల్లారగానే దేవుడి గూట్లో పెట్టే చెంబులోదే!"