సైరన్ మోగిన సినిమా

"అంత భయంకరమైన చోట నవ్వెలా వచ్చింది బావా నీకు?" మ్యాట్నీ నుంచి బయటికొస్తూనే నిలదీశాడు, చుట్టపుచూపుగా వచ్చిన బావమరిది.

విషపు పొగ మింగేసిన ఊరి కథ అది. హాల్లో సగం మంది ఊపిరి బిగబట్టి చూశారు. ఫ్యాక్టరీ కాలనీ వాళ్లు మాత్రం విరగబడి నవ్వారు.

"చెవిలో పువ్వు పెడితే నవ్వక ఏం చేస్తాం?" అన్నాడు బావ. ఆయన ఆ రసాయనాల ఫ్యాక్టరీలోనే ఫిట్టరు. "గ్యాసు గేటు దాటకముందే సైరన్ మోగిందట, జనం తట్టాబుట్టా సర్దుకుని తీరిగ్గా లారీలెక్కారట!"

"ఏం, మీ సైరన్ మోగదా?"

"ఎందుకు మోగదూ? షిఫ్టు మారినప్పుడల్లా మోగుతుంది."

బావమరిది పకపకా నవ్వాడు. బావ నవ్వలేదు. నడుస్తున్నవాడల్లా ఆగి, గాలి వాసన చూసి, భార్య వైపు తిరిగాడు. ఆవిడ అప్పటికే సీసాలో నీళ్లు చేతిరుమాలు మీద ఒంపుతోంది. వెనకాల కాలనీ జనమంతా అదే పని చేస్తున్నారు.

తడి రుమాలు తమ్ముడి ముక్కుకి అదిమిపెట్టింది ఆవిడ. "గాలికి అడ్డంగా నడువు. పరిగెత్తావంటే ఇంకా ఎక్కువ పీలుస్తావు."

"సైరన్ మోగలేదు కదక్కా!"

"నిజంగా వచ్చినప్పుడు అదెప్పుడు మోగింది గనకరా?" అంది అక్క.